బూటు కింది ముఖం

భీమడోలు స్టేషన్ రోడ్డులో నా జెరాక్స్ షాపు పక్క గదిలో ఉండే తాహిర్‌ని ఎవరైనా ఫ్లెక్సుల డిజైనర్ అంటే మొహం ముడుచుకునేవాడు. "నేను కథలు గీసేవాణ్ణండీ. ఫ్లెక్సులు పొట్ట కోసం," అనేవాడు. ఏం కథలు నాయనా అని అడిగామో, ఇక మన పని గోవిందా. చేతిలో మౌసు వదిలేసి మొదలుపెట్టేవాడు. పొగపట్నం అని ఒక ఊరుందట. అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, మున్సిపాలిటీ లేదు. ఉన్నవాళ్ళంతా విలన్లే. మొసలిచర్మం కోటు తొడుక్కుని తిరిగే మొసలిదొర ఒకడు. ఇనపరెక్కలు కట్టుకుని మేడల మీంచి దూకే ఇనపగద్ద ఇంకొకడు. ఊరు నాదంటే నాదని ఇద్దరూ పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉంటారు. మరి హీరో ఎవరయ్యా అంటే, "హీరో వస్తే కథ అయిపోద్దండి అక్కగారూ," అనేవాడు, అదేదో మనకి అర్థంకాని శాస్త్రమైనట్టు.

నా పేరు వెంకటసుబ్బలక్ష్మి. మా ఆయన దత్తాత్రేయులు గారు పౌరోహిత్యానికి వెళితే, షాపు నేను చూసుకుంటాను. సుబ్బలక్ష్మి గారికి నోరెక్కువ అని ఊళ్ళో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. తాహిర్ సంగతి చెప్పాలంటే ఆ నోరు కాస్త ఉండాలి కూడా.

వాళ్ళది ఏలూరు. నాన్న అబ్దుల్ మజీద్ గారికి అక్కడ సైకిల్ షాపు ఉండేది. అద్దెకిచ్చే బొమ్మల పుస్తకాలు చదివి చదివి పిల్లాడు చదువు చెడగొట్టుకున్నాడని ఆ పెద్దాయన ఓసారి నా దగ్గరే వాపోయాడు. ఇంటర్ తప్పాక తాహిర్ కంప్యూటర్ మీద బొమ్మలు కత్తిరించి అతికించే పని నేర్చుకున్నాడు. రేహానాతో పెళ్ళయ్యాక, ఏలూరు అద్దెలు భరించలేక మా భీమడోలు వచ్చి షాపు పెట్టాడు. డిజైన్ ఇక్కడ చేసి ఫైలు ఏలూరు పంపిస్తే, మధ్యాహ్నం బస్సుకి ఫ్లెక్సు చుట్ట దిగేది. పుట్టినరోజుకీ అదే, ఓణీల ఫంక్షన్‌కీ అదే, మనిషి పోతే శ్రద్ధాంజలికీ అదే. ఈ రోజుల్లో ఫ్లెక్సు కట్టకపోతే మా వైపు మనిషి పుట్టినట్టూ కాదు, పోయినట్టూ కాదు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మాసిపోయిన పాస్‌పోర్టు ఫొటో తెచ్చినా, పెళ్ళి గుంపులోంచి సగం ముఖం తెచ్చినా, దాన్ని శుభ్రంగా కడిగినట్టు చేసేవాడు. పోయినవాళ్ళకి కొత్త చొక్కా తొడిగేవాడు, జుట్టు దువ్వేవాడు. చూసుకుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. గట్టిగా ఎవరైనా ఒక మాటంటే మాత్రం బిక్కచచ్చిపోయేవాడు. ఎరుపు వెయ్యమంటే ఎరుపు, పులిని పెట్టమంటే పులి. ఒకసారి తన పొగపట్నం బొమ్మలన్నీ పట్టుకుని ఏలూరులో ఒక ప్రెస్సాయన దగ్గరికి వెళ్ళాడట. ఆయన తిరగేసి చూసి, "పిల్లల పుస్తకంలో మంచివాడు ఒక్కడన్నా లేకపోతే ఎలాగండీ," అని నవ్వాడట. అక్కడున్నవాళ్ళంతా నవ్వారట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదని రేహానా చెప్పింది. మెత్తటి మనిషి, పాపం, అని నేనే నలుగురికీ చెప్పేదాన్ని. మెత్తదనమంటే మంచితనమేనని అప్పట్లో నా భ్రమ.

అలాంటివాడి పొగపట్నం ఒక రోజు రైల్వే గేటు సెంటర్లో నిజంగానే వెలిసింది.

చేపల మేత వ్యాపారం చేసే అబ్బాయిరాజు తన పుట్టినరోజుకి ఫ్లెక్సు కావాలని వచ్చాడు. గులాబీలొద్దు, సింహాలొద్దు, అవి అందరికీ ఉన్నాయి, నడుస్తున్నవాడల్లా చూసి ఆగిపోవాలి అన్నాడు. తాహిర్‌కి ప్రాణం లేచొచ్చింది. అబ్బాయిరాజు తలకాయ తీసి మొసలిదొర ఒంటికి అతికించాడు. వెనకాల పొగపట్నం మేడలు, కింద నల్లటి కాలువ, నోటి పక్కన తెల్లటి బుడగలో 'ఈ ఊళ్ళో సూర్యుడు నన్నడిగే పొడుస్తాడు' అని మాట. అది కట్టిన రోజు బస్సు డ్రైవర్లు కూడా బండి ఆపి చూశారు.

కేబుల్ ఆఫీసు భానుప్రకాష్‌కి ఇక నిద్రపడితే ఒట్టు. వెంటనే పరిగెత్తుకొచ్చాడు. పుట్టినరోజు ఇంకా చాలా దూరం ఉంది. "దానిదేముందండీ, శుభాకాంక్షలని ఏదో ఒకటి రాసేయండి. నాది ఆడి దానికంటే ఎత్తుండాలి, అంతే," అన్నాడు. అలా అతను ఇనపగద్ద అయ్యాడు. మొసలిదొర మేడ మీదే రెక్కలు విప్పుకుని నిలబడ్డాడు. దానికి జవాబుగా అబ్బాయిరాజు ఇంకోటి కట్టించాడు. దసరాకి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి, చివరికి అబ్బాయిరాజు పెంచుకునే కుక్క పుట్టినరోజుకి కూడా ఒకటి. జనం రైలు దిగి ముందు ఫ్లెక్సు చూసి, తర్వాత ఆటో బేరమాడేవారు.

ఇద్దరూ ఖాతాదారులే కాబట్టి ఇద్దరిలో ఎవరూ ఓడిపోకూడదు. ఈసారి ఊరు ఒకడిదైతే పైసారి రెండోవాడిదవ్వాలి. దానికి తంటాలు పడుతూనే తాహిర్ సంబరపడిపోయేవాడు. "నా పుస్తకం అచ్చయినట్టేనండి అక్కగారూ. ఇంత పెద్ద పేజీ ఎవరికి దొరుకుద్ది చెప్పండి," అన్నాడు. పేజీ మాట ఎలా ఉన్నా, సెంటరు మాత్రం అచ్చంగా పొగపట్నమైపోయింది. ఫ్లెక్సు కర్రలు పాతడానికి కూరలమ్ముకునేవాళ్ళని మురుగుకాలవ పక్కకి జరిపేశారు. తాడు కాస్త వదులైతే చాలు, మీరే కోశారంటే మీరే కోశారని రెండువైపుల కుర్రాళ్ళూ కాలర్లు పట్టుకునేవారు. మొసలిదొర కోటు తోక వచ్చి నా షాపు బోర్డు మీద పడితే, కాస్త జరపండి బాబూ అని అబ్బాయిరాజు కుర్రాళ్ళని అడిగాను. "పుట్టినరోజు అయిపోనివ్వండి మేడమ్ గారూ," అన్నారు ఎంతో మర్యాదగా. మా వైపు రౌడీతనానికి కూడా చివర అండీ ఉంటుంది. ఆ తోక నా బోర్డు మీద నెలల తరబడి అలాగే ఉంది.

ఇలా ఉండగా భానుప్రకాష్‌కి ఒక ఆలోచన వచ్చింది. "ఎదురెదురుగా గుడ్లురుముకుంటం తప్ప ఇందులో ఏవుందండీ తాహిర్ గారూ? నా బూటు కింద ఒకడుండాలి. అప్పుడు కదండీ ఊరు ఎవరిదో తెలిసేది," అన్నాడు. అక్కడ అబ్బాయిరాజు ముఖం పెడితే తలలు పగులుతాయి కాబట్టి అది వద్దన్నాడు. "ఎవడో దిక్కులేనోడి ముఖం చూసి పెట్టేయండి," అన్నాడు. తాహిర్ సరేనన్నాడు. ఎప్పుడు కాదన్నాడు గనక.

ఆ ఫ్లెక్సు గేటు పక్కన కట్టారు. భానుప్రకాష్ రెక్కలు విప్పుకుని నిలబడ్డాడు. అతని బూటు కింద ఒక మనిషి మోకాళ్ళ మీద ఒంగిపోయి ఉన్నాడు. మెడ మీద బూటు, మాసిన గడ్డం, ఒక కన్ను మూతపడి, మూతి బిగిసి, ముఖం మనవైపు తిరిగి ఉంది. ప్రాణభిక్ష అడుగుతున్నట్టే ఉంది. కుర్రాళ్ళు దాని కింద నిలబడి సెల్ఫీలు దిగారు. ఆ బాధ ఎంత బాగా తెచ్చావయ్యా అని నేను కూడా మెచ్చుకున్నాను. తాహిర్ ఎప్పటిలా పొంగిపోలేదు. పనుందని లోపలికి వెళ్ళిపోయాడు. ఎండకి చిరాకుపడుతున్నాడేమో అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి పెద్దింట్లమ్మ వచ్చింది. కొల్లేటి లంక ఊళ్ళో ఉంటుందావిడ. భర్త జోగారావు పడవ నడిపేవాడు, చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. నిరుడు కాలం చేశాడు. అప్పుడు శ్రద్ధాంజలి ఫ్లెక్సు చేసింది తాహిరే. బతికుండగా ఇంత తెల్లచొక్కా ఎప్పుడూ వేసుకోలేదు బాబూ అని, ఆ ఫ్లెక్సు తీసుకెళ్ళిన రోజు ఆవిడ అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టడం నేను చూశాను. ఆవిడ కూతురు పెంటపాడులో ఉంటుంది. అక్కడికి వెళ్ళాలంటే ఊళ్ళోంచి ఆటోలో మా సెంటరుకొచ్చి, తాడేపల్లిగూడెం రైలెక్కాలి.

ఆ రోజు ఆవిడ ఆటో దిగి, సంచీ చంకన పెట్టుకుని, గేటు దగ్గర అలా నిలబడిపోయింది. రైలు వచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ కదల్లేదు. చాలాసేపటికి మెల్లగా నడుచుకుంటూ వచ్చి తాహిర్ షాపు మెట్లెక్కింది. రెండు షాపులకీ మధ్య ఉన్నది చెక్క పలకే కాబట్టి మాటలన్నీ నాకు వినపడ్డాయి.

"బాబుగారూ, ఒక మాట అడుగుతాను, ఏవనుకోకండి. ఆ గేటు కాడ బొమ్మలో కిందున్నది మా ఆయన కాదాండీ?"

"ఎవరమ్మా?" అన్నాడు తాహిర్.

"మా ఆయనండి. జోగారావు గారు. మీరే కదండీ అప్పుడు ఫొటో చేసేరు, తెల్లచొక్కా ఏసి."

"కాదమ్మా. అది కంప్యూటర్లో దొరికే ముఖం. ఎక్కడో బయటదేశం మనిషి."

"అచ్చం ఆయనలాగే ఉందండి. ఆ కన్నూ అదీ."

"ఒక్కోసారి అలా అనిపిస్తదమ్మా. ఆయన మీద బెంగతో ఉన్నారు కదా."

"అవును లెండి. ఆయనకి గడ్డమెక్కడిది, ఒళ్ళు కూడా అంత ఉండేది కాదు," అంది. "ముసలిదాన్నైపోయేను బాబూ. ఎవరి మనిషినో పట్టుకుని మా ఆయననేసుకున్నాను. మీ మీద నింద ఏసినట్టయింది. తప్పుగా అనుకోకండి."

తాహిర్ పరవాలేదమ్మా అన్నాడు. ఆ మాట అన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను అతని మాటే నమ్మాను. ఎందుకు నమ్మను? ఆవిడని పిలిచి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ రైలు వచ్చేదాకా నా షాపులో కూర్చోబెట్టాను. ఆవిడ ఒక్కసారి కూడా గేటు వైపు తల తిప్పలేదు. "సిగ్గుగా ఉందమ్మా," అంది. "ఆయనతో అంత కాపురం చేసి, ఆయన ముఖమేదో పోల్చుకోలేకపోతున్నాను." అలా అందరికీ జరుగుతుంది లెండి అని ఊరడించాను. సిగ్గుపడవలసిన మనిషి పలక అవతల కూర్చుని ఉంటే, ఆ సిగ్గంతా ఈవిడ నెత్తికెత్తుకుని రైలెక్కింది.

నిజం రేహానా నోటి వెంట బయటపడింది. కూతురు ఉజ్మా స్టడీ సర్టిఫికెట్ జెరాక్సు తీయించడానికి వచ్చి, కాయితం నా చేతికివ్వకుండానే ఏడుపు మొదలుపెట్టింది. తాహిర్ తిండి మానేశాడట. పిల్లతో కూడా మాట్లాడటం లేదట. ఎందుకో చెప్పు తల్లీ అంటే, అటూ ఇటూ చూసి, "ఆ ముఖం జోగారావు గారిదేనండి అక్కగారూ," అంది.

ఫ్లెక్సుల వాళ్ళ కంప్యూటర్లో ఊరందరి ముఖాలూ ఉంటాయి. ఉన్నవాళ్ళవీ ఉంటాయి, పోయినవాళ్ళవీ ఉంటాయి. అన్నీ వెనకభాగం కత్తిరించి, అతికించడానికి సిద్ధంగా ఉంటాయి. శ్రద్ధాంజలికి పెద్దింట్లమ్మ తెచ్చిన ఫొటో పడవ మీద తీసింది. ఎదురెండకి జోగారావు ఒక కన్ను మూసుకుని, మూతి బిగించి నవ్వుతున్నాడు. దాన్ని తీసుకెళ్ళి బూటు కింద పెడితే, నవ్వు కాస్తా ఏడుపులా కనిపించింది. గడ్డం పెట్టి, జుట్టు చెరిపేస్తే ఇక ఎవరికీ తెలియదనుకున్నాడు తాహిర్.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, మీ కళ్ళదే పొరపాటు పొమ్మని సర్దిచెప్పి పంపించింది నేను. జెరాక్సు మాట మర్చిపోయి పక్క షాపులోకి వెళ్ళాను.

"ఏవయ్యా తాహిర్, పోయినాయన్ని తీసుకొచ్చి బూటు కింద పడేశావా? పైగా ఆవిడకే మతిపోయిందని చెప్పి పంపుతావా?"

అతను లేచి నిలబడ్డాడు. తల ఎత్తలేదు. "తప్పయిపోయిందండి అక్కగారూ."

"నాతో అంటే ఏం లాభం? ముందు ఆ ఫ్లెక్సు దింపించు."

"భానుప్రకాష్ గారు ఒప్పుకోరండి."

"అడిగావా?"

అడగలేదు. రెక్క పట్టుకుని లాక్కెళ్ళినంత పనిచేసి కేబుల్ ఆఫీసుకి తీసుకెళ్ళాను.

భానుప్రకాష్ మాకు కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. అంతా విని, "అయ్యో, పాపం," అన్నాడు. "కానీ ఇప్పుడు దింపితే అబ్బాయిరాజు మనుషులు మేమే దింపించామని చెప్పుకుంటారండి. సెంటర్లో నా పరువేం కావాలి? ఉగాది దాకా ఓపిక పట్టండి మేడమ్ గారూ. అయినా పోయినాయనకి ఇప్పుడు కొత్తగా పోయేదేవుందండీ." నేను కూల్‌డ్రింకు ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఈ సంగతి ఎలా పాకిందో, సాయంత్రానికల్లా అబ్బాయిరాజు తాహిర్‌కి ఫోన్ చేశాడు. "మీరేం కంగారుపడకండి, మా కుర్రాళ్ళొచ్చి చింపేస్తారు. చింపింది మేమేనని మాత్రం మీరు నలుగురిలో చెప్పాలి," అన్నాడు. ఇద్దరికీ కావలసింది సెంటరే. జోగారావు ఇద్దరికీ అక్కర్లేదు. తాహిర్ అదీ చెయ్యలేదు, ఇదీ చెయ్యలేదు. పోనీ ఆవిడ దగ్గరికైనా వెళ్ళి నిజం చెప్పు అన్నాను. "మొహం చెల్లట్లేదండి," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి అతనితో మాటలు మానేశాను. పలక అవతల మౌసు చప్పుడు వింటున్నా చిరాకు పుట్టేది.

ఆ లంక ఊరికి ఆటో నడిపే నెల్సన్ ఒక మధ్యాహ్నం ఆధార్ కార్డు జెరాక్సుకి వచ్చాడు. పెద్దింట్లమ్మ గారు ఎలా ఉన్నారని అడిగాను.

"ఆవిడకి బుర్ర సరిగ్గా పనిచెయ్యట్లేదంటున్నారండి," అన్నాడు. "గోడ మీది మొగుడి ఫొటో దింపేసి, ముఖం కనపడకుండా తిప్పి పెట్టేసిందంటండి. ఆయన ముఖం నాకు గుర్తు లేదు, చూసినప్పుడల్లా ఎవరో పరాయోళ్ళని చూసినట్టుంది అంటదంట. దీపం ఎట్టడం కూడా మానేసింది. వీధిలో పిల్లలు పిచ్చిదని ఏడిపిస్తన్నారండి. కూతురొచ్చి ఉంది. రేపు ఏలూరు తీసుకెళ్ళి పిచ్చి డాక్టరుకి చూపిస్తారంట."

పలక అవతల మౌసు చప్పుడు ఆగిపోయింది. కుర్చీ జరిగింది. తాహిర్ బయటికొచ్చి, "నెల్సన్ గారూ, ఆటో ఖాళీయేనాండీ?" అని అడిగాడు. అవునంటే, "ఇక్కడే ఉండండి, ఇప్పుడే వస్తాను," అన్నాడు. నేను చూసేసరికి నిచ్చెన భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

బడి వదిలిన వేళ అది. సెంటరు నిండా జనం. తాహిర్ నిచ్చెన వేసుకుని ఎక్కి, జేబులోంచి బ్లేడు తీసి, బూటు కిందున్న ముఖం చుట్టూ కోయడం మొదలుపెట్టాడు. కేబుల్ ఆఫీసులోంచి కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఏవండీ, ఏం చేస్తన్నారండీ? దిగండి," అంటూ నిచ్చెన ఊపారు. అతను ముఖం మొత్తం కోసుకునే దిగాడు. దిగీ దిగకముందే ఒకడు చెంప మీద కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి రోడ్డు మీద పడింది.

తాహిర్ ఆ ముక్కని రెండు చేతులతో పట్టుకుని జనం వైపు తిరిగాడు. "ఈయన లంకలో జోగారావు గారండి. కాలం చేసేరు. ఈయన ముఖాన్ని నేను దొంగతనంగా తెచ్చి ఇక్కడ పెట్టేను. వాళ్ళావిడ వచ్చి అడిగితే కాదని అబద్ధమాడేను. ఆవిడకి పిచ్చి లేదు. కొడితే కొట్టండి," అన్నాడు. మళ్ళీ ఎవరూ చెయ్యెత్తలేదు. భానుప్రకాష్ ఆఫీసు గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ బొమ్మ కింద సెల్ఫీలు దిగినవాళ్ళూ, దాన్ని చూసి మెచ్చుకున్నవాళ్ళూ అక్కడే ఉన్నాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. బడిపిల్లల్లోంచి ఉజ్మా వచ్చి, కళ్ళజోడు తీసి తుడిచి తండ్రి చేతికిచ్చింది. అతను పిల్ల వైపు చూడకుండానే అందుకున్నాడు.

షాపుకి తాళం వేసి నేనూ ఆటో ఎక్కాను. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళ మీద కొంగలు. ఎప్పుడూ నోరు మూతపడని నాకు ఆ దారంతా ఒక్క మాట దొరకలేదు. తాహిర్ ఆ ఫ్లెక్సు ముక్కని చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెంప ఎర్రగా వాచింది.

పెద్దింట్లమ్మ వసారాలో చేపల బుట్ట కడుగుతోంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. "రండి బాబూ, రండి. ఇంత దూరం వచ్చేరేంటండీ? ఆ రోజు మిమ్మల్ని అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకున్నారా?" అంది. తాహిర్ ఆ మాట వినలేకపోయాడు. మంచం వాల్చినా కూర్చోకుండా, వసారా అంచున నేల మీద కూలబడి, ఆ ముక్క విప్పి ఆవిడ ముందు పెట్టాడు.

"మీరు అన్నది నిజమేనమ్మా. ఈయన జోగారావు గారే. నేనే అబద్ధం చెప్పేను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ముక్కని దగ్గరికి తీసుకుంది. గడ్డం ఉన్నచోట అరచేయి అడ్డం పెట్టి, మిగిలిన ముఖం చాలాసేపు చూసింది. "ఎండ," అంది చివరికి. "ఆ రోజు పడవ మీద ఎండ. కన్ను మూసేసేరు." లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. "ఒలే, నేను మర్చిపోలేదే. ఆయనేనంట. నా బుర్ర బాగానే ఉంది." లోపలికెళ్ళి, గోడవైపు తిప్పిపెట్టిన ఫొటో తీసి, చెంగుతో తుడిచి, మేకుకి తగిలించింది. తగిలించి అక్కడే నిలబడి ఏడ్చింది.

కూతురు తాహిర్ మీద విరుచుకుపడింది. "ఊరంతా మా అమ్మని పిచ్చిదన్నారండి. నేను కూడా అన్నాను. రేపు డాక్టరుకి ఏం చెప్పాలో ఇందాకే మాట్లాడుకున్నాం. మీ మూలంగా నా తల్లిని నేను అనుమానించేను," అంది. అతను చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు. నాకు అడ్డుపడాలనిపించలేదు.

పెద్దింట్లమ్మ కళ్ళు తుడుచుకుని వచ్చి, "ఊరుకో అమ్మాయీ," అంది. అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. "ఒక్కటి చెప్పండి బాబూ. మీ కాడ ఇన్ని ముఖాలుంటాయి కదా. మా ఆయనదే ఎందుకు తీసేరు?"

ఎండకి మూసిన ఆ కన్ను సంగతి చెబుతాడనుకున్నాను. అతను అది చెప్పలేదు.

"ముందు నాది పెట్టేనండి," అన్నాడు. "కింద ఒంగుని ఉన్న ఆ ఒళ్ళు నాదే. షాపులో మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్లో తీసుకున్నాను. నా ముఖంతోటే పనైపోయింది కూడా. పంపే ముందు ఒకసారి చూస్తే భయమేసింది. మా అమ్మాయి రోజూ ఆ సెంటరు మీదుగా బడికెళ్తదండి. తండ్రి బూటు కింద ఉంటే పిల్ల ఎలా తలెత్తుకుని నడుస్తదని నాది తీసేసేను. పోయినాయనదైతే, చూసి బాధపడేవాళ్ళు ఆ దారిన ఎవరూ రారనుకున్నాను."

ఇది రేహానాకి కూడా తెలియదు. నెల్సన్ తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ తిడితే బావుండునని నాకనిపించింది. తిట్టలేదు.

"మీ అమ్మాయి తిరిగే దారని మీ ముఖం తీసేసుకున్నారు," అంది మెల్లగా. "మరి మాకు ఇంకో దారుందా బాబూ? రైలెక్కాలన్నా, ఆసుపత్రికెళ్ళాలన్నా, మేమూ ఆ సెంటరు మీదుగానే కదండీ రావాలి."

ఆవిడ ఇక ఏమీ అడగలేదు. కూతురితో చెప్పి టీ పెట్టించింది. గ్లాసు స్వయంగా తెచ్చి తాహిర్ ముందు పెట్టి, "తాగండి బాబూ, దూరం నుంచి వచ్చేరు," అంది. అతను తాగలేకపోయాడు. నేనూ తాగలేకపోయాను.